కిబ్లా చూపే యాప్‌కీ అమానతు ఉంది

నమాజు వేళలు, కిబ్లా దిశ చెప్పాలంటే యాప్‌కి మనం ఏ ఊళ్లో ఉన్నామో తెలియాలి. అంతవరకూ సబబే. ఆ ఖబర్ అక్కడితో ఆగుతోందా అన్నదే సవాల్.

2020 నవంబరులో మదర్‌బోర్డ్ అనే అమెరికా పత్రిక ఒక సంగతి బయటపెట్టింది. అప్పటికి 9.8 కోట్ల డౌన్‌లోడ్లున్న ‘ముస్లిం ప్రో’ యాప్ నుంచి జనం లొకేషన్ ‘ఎక్స్-మోడ్’ అనే డేటా వ్యాపార కంపెనీకి చేరుతోంది. ఆ కంపెనీ దగ్గర కొనేవాళ్లలో అమెరికా సైన్యానికి పనిచేసే కాంట్రాక్టర్లూ ఉన్నారు. గోల మొదలయ్యాక ముస్లిం ప్రో ఆ కంపెనీతో తెగతెంపులు చేసుకుంది.

పేర్లు లేకుండానే ఇచ్చామనడం జవాబు కాదు. ఒక ఫోను రోజూ రాత్రి ఏ ఇంట్లో ఉంటుందో, ఫజర్‌కి ఏ మస్జిద్‌లో ఉంటుందో తెలిస్తే ఇక పేరెందుకు?

నమ్మి అప్పగించింది అమానతు. దాన్ని అమ్ముకోవడం ఖియానత్. యాప్ పేరులో దీన్ ఉన్నంత మాత్రాన ఆ జిమ్మేదారీ తగ్గదు, ఇంకా పెరుగుతుంది.

ప్యాకెట్ తిప్పి హలాల్ ముద్ర వెతికే మనం, యాప్‌కి మాత్రం చూడకుండా ఇజాజత్ ఇచ్చేస్తున్నాం. ఫోను సెట్టింగుల్లో లొకేషన్‌ని ‘వాడుతున్నప్పుడు మాత్రమే’ అని పెట్టండి. ఊరి పేరు టైపు చేసే వీలుంటే అదే చాలు. అమ్మీ, అబ్బాల ఫోన్లు కూడా ఈ పూటే ఒకసారి చూడండి.