చెయ్యి తిరగకపోతేనేం?

నలభై దాటిన మనిషి ఆదివారం పూట కలంకారీ వర్క్‌షాప్‌కి వెళ్తున్నానంటే చాలు, ఇంటా బయటా ఒకటే మాట: "ఈ వయసులో బొమ్మలేంటి? కళ పుట్టుకతో రావాలి గానీ రెండు పూటల్లో వస్తుందా?" కళ మీద గౌరవంతో అన్నట్టే ఉంటుంది. నిజానికి కళకు అంతకన్నా చేటు చేసే మాట లేదు.

పుట్టుకతోనే రావాలట. బలపం దొరికితే గోడ మీద గీతలు గియ్యని పిల్లలుంటారా? పదో తరగతికొచ్చేసరికి ఆ చేతులన్నీ ఏమైపోయాయి? డ్రాయింగ్ పీరియడ్‌ని లెక్కల మాస్టారికి అప్పగించింది మనమే. మార్కులు రాని పని దండగన్నదీ మనమే. దగ్గరుండి మాన్పించి, ఆనక దేవుడివ్వలేదనడం ఏం న్యాయం? దామెర్ల రామారావు, అడివి బాపిరాజు అంతటి చిత్రకారులకే రాజమండ్రి కాలేజీ ప్రిన్సిపాల్ ఆస్వాల్డ్ కూల్‌డ్రే అండ కావలసి వచ్చింది. మామూలువాళ్లకు మాత్రం గురువెందుకంటామా?

ఇక వయసు. రవీంద్రనాథ్ టాగూరు చిత్రలేఖనాన్ని గట్టిగా పట్టుకున్నది అరవై దాటాకే. 1930లో పారిస్‌లో ఆయన బొమ్మల ప్రదర్శన జరిగేనాటికి డెబ్బైకి దగ్గరపడ్డాడు. "ఆయన టాగూరు, నువ్వెవరు?" అంటారు. టాగూరు అయితేనే కుంచె పట్టాలన్న షరతు ఎవరు పెట్టారు? బాగా వంట చేసే ప్రతివాళ్లనీ హోటల్ పెట్టమంటున్నామా?

వీటికన్నా బలమైన ఆక్షేపణ ఒకటుంది. శ్రీకాళహస్తి కలంకారీ కళాకారులు ఏళ్ల తరబడి సాధించిన విద్యను రెండు పూటల సరదా చెయ్యడం వాళ్లను అవమానించడమేనని. కొన్ని వర్క్‌షాపులు ఫొటోల కోసమే నడుస్తాయన్నది నిజం. కానీ సరిగ్గా నడిచినచోట ఏం జరుగుతుందో చూడండి. కరక్కాయ పొడి, పాలు కలిపి తడిపి ఆరబెట్టిన గుడ్డ ముందుంటుంది. కలం పుల్లకు చుట్టిన ఉన్నిని వేళ్లతో నొక్కుతూ గీత లాగాలి. కాస్త ఎక్కువ నొక్కితే మరక, తక్కువైతే గీత తెగుతుంది. ఆ గీతకు వాడేది బెల్లం నీళ్లలో ఇనుప ముక్కలు నానబెట్టి పులియనిచ్చిన నలుపు. కరక్కాయ పట్టిన గుడ్డను తాకిందంటే అక్కడే పాతుకుపోతుంది. చెరపడానికి రబ్బరు పనికిరాదు. ఒక్క తామరపువ్వు పూర్తిచేసేసరికి, చీరంతా చేత్తో గీసిన మనిషి మీద గౌరవం దానంతటదే పుడుతుంది. ఎన్ని ఉపన్యాసాలు విన్నా రాని గౌరవమది.

దాని ఫలితం బజార్లో తేలుతుంది. స్క్రీన్ ప్రింటు గుడ్డను కలంకారీ అని అమ్మే దుకాణాలకు కొదవలేదు. కలం పట్టి చూసినవాడు ఒక పువ్వుని పక్క పువ్వుతో పోలుస్తాడు. రెండూ అచ్చు గుద్దినట్టుంటే ఇది కలం గీత కాదని పట్టేస్తాడు. అసలుదాని ధర విని నోరెళ్లబెట్టడు, బేరమాడటానికి సిగ్గుపడతాడు. ఆ కళాకారుడికి ఇంతకన్నా మంచి కొనుగోలుదారు ఎక్కడ దొరుకుతాడు?

కాబట్టి "ఏం సాధిద్దామని వెళ్లావు?" అని అడిగేవాళ్లకు సంజాయిషీ ఇవ్వనక్కర్లేదు. వంకర గీతల బొమ్మని నిస్సంకోచంగా గోడకు తగిలించుకోవచ్చు. ఏ కాలంలోనైనా గొప్ప చిత్రకారులు కొద్దిమందే ఉంటారు. వాళ్ల పనిలో మంచీ చెడూ తెలిసి డబ్బిచ్చి కొనే మామూలు మనుషులు వేలల్లో లేకపోతే ఆ కొద్దిమందీ మిగలరు.