కారు ఫిల్టరు మార్చడానికీ 'సార్' రావాలా?

మిక్సీ జార్‌లో వాషరు పోతే మనమే మార్చుకుంటాం. మరి కారులో మనమూ, పిల్లలూ పీల్చే గాలిని వడగట్టే ఏసీ ఫిల్టరు ఎక్కడుంటుందో ఎందరికి తెలుసు?

మన సిద్దిపేటలో ఇదేం చిన్న విషయం కాదు. రాజీవ్ రహదారి మీద లారీల దుమ్మూ, వరికోతలప్పుడు హార్వెస్టర్లు లేపే పొట్టూ చేరేది దాంట్లోకే. మా అత్తమ్మకు ఆయాసం. ఏసీ వేస్తే చాలు, దగ్గు. సర్వీసుకిస్తే పదిహేనొందల బిల్లు చేతిలో పెట్టారు. ఏం మార్చారని అడిగితే, "సార్‌కి చెప్తాం మేడమ్" అన్నారు! కారు నడిపేది నేను, డబ్బు కట్టిందీ నేనే.

చాలా కార్లలో అది గ్లవ్‌బాక్సు వెనకే ఉంటుంది. పెట్టె ఖాళీ చేసి, రెండు పక్కలా లోపలికి నొక్కితే కిందికి వాలుతుంది. వెనకున్న మూత తీస్తే ఫిల్టరు చేతికొస్తుంది. ముక్కుకి గుడ్డ కట్టుకుని ఆరుబయట మెల్లగా దులపండి. కాగితం ఫిల్టరును నీళ్లతో కడగొద్దు. మడతలు పాడవుతాయి, తడి మిగిలితే బూజు పడుతుంది. ఎంత దులిపినా సన్నదుమ్ము పోదు కనక, నల్లబడితే మార్చాల్సిందే. ఏడాదికోసారి అంటారు గానీ, మన దుమ్ముకి మూణ్ణెల్లకోసారి తీసి చూడటం మేలు. విడిగా కొంటే మామూలు రకం చాలా కార్లకు ఐదొందల లోపే దొరుకుతుంది. బిగించేటప్పుడు బాణం గుర్తు పాతదానికి ఎటుందో అటే ఉండాలి.

"ఆడవాళ్లకెందుకీ రిపేర్లు?" అంటారు. గ్యాసుబండకి రెగ్యులేటరు బిగించే చేతులకి ఇదో లెక్కా? కారు మోడలు, ఏ సంవత్సరందో చెప్పి స్పేర్‌పార్టుల షాపులో అడగండి. సార్‌ని తీసుకురమ్మంటే పక్క షాపుకి వెళ్లండి.