అత్తయ్యగారి మతిమరుపు

ఆమధ్య మా అత్తయ్యగారు పులుసులో రెండుసార్లు ఉప్పు వేశారు. అన్నం తిన్నానా అని నన్నే అడిగేవారు. డెబ్భై దాటాయి కదా, మామూలేనని అందరం తేల్చేశాం. డాక్టరమ్మ మాత్రం ఆవిడ వాడే మాత్రలన్నీ తెచ్చి చూపించమన్నారు. అందులో దురదకని రోజూ రాత్రి వేసుకునే పాతరకం ఎలర్జీ మాత్ర ఉంది. మందుల షాపులో అడిగి తెచ్చింది నేనే!

మెదడులో జ్ఞాపకాలను పదిలపరిచే భాగం పేరు హిప్పోకాంపస్. కొత్త విషయం గుర్తుపెట్టుకునేటప్పుడు అక్కడి కణాలు సెకనుకు సుమారు 4 నుంచి 8 సార్లు ఒకే లయలో కదులుతాయట. థీటా లయ అంటారు. కోలాటం లాంటిదనుకోండి. అక్కడ తాళం వేసేవాటిలో ముఖ్యమైనది ఎసిటైల్ కోలిన్ అనే రసాయనం. తాళం తప్పిందా, కొత్తది మనసులో నాటుకోదు. పాతవాటికి అంత దెబ్బ తగలదు. అందుకేనేమో అత్తయ్యగారికి తన పెళ్ళి వంటలన్నీ గుర్తే, పొద్దున తిన్న ఉప్మా గుర్తులేదు!

క్లోర్‌ఫెనిరమిన్, డైఫెన్‌హైడ్రమిన్ లాంటి మందులు ఈ రసాయనానికి అడ్డుపడతాయి. పెద్దవాళ్ళలో ఆ ప్రభావం ఎక్కువ. ఉమ్మెత్త తిన్నవాళ్ళు మతి తప్పి మాట్లాడేదీ ఇందుకే. దానిలోని అట్రోపిన్, స్కోపలమిన్ చేసేదీ అదే పని.

మీ ఇంట్లో పెద్దవాళ్ళుంటే వాళ్ళ మాత్రల డబ్బా ఓసారి డాక్టరుకి చూపించండి. అడక్కుండా మీ అంతట మీరు ఏదీ మాన్పించకండి సుమా!

మాత్ర మార్చిన నెలకి, నేను ఇల్లంతా వెతుకుతున్న రేషన్ కార్డు ఎక్కడుందో అత్తయ్యగారే చెప్పారు.