ఒత్తు కనబడాలి
కొనకనమిట్ల పేరులోనే ఉంది చిక్కు: ఫోను తెర మీద ట కింది ల ఒత్తు నలిగిపోతే ఊరి పేరే మారిపోతుంది. ఇంగ్లిషు అక్షరాలు చాలావరకు ఒకే వరుసలో నడుస్తాయి. తెలుగుకు పైన గుడి, కింద ఒత్తు ఉంటాయి కనుక అదే సైజు మనకు చాలదు. భూమి రికార్డుల సైటు మీభూమిలో అడంగల్ చూసుకునే రైతుకు ఒక్క అంకె తేడా చిన్నది కాదు. కళ్లజోడు మార్చుకోమంటారు కొందరు. చూపు మందగిస్తే అదీ కావాలి, కానీ నలుసంత అక్షరం కంటి తప్పు కాదు. వేళ్లతో సాగదీస్తే చాలదా అంటే, వాక్యం తెర దాటిపోయి ప్రతి వరుసకీ అటూ ఇటూ జరపాల్సి వస్తుంది. క్రోమ్ సెట్టింగ్స్‌లో యాక్సెసిబిలిటీ తెరిచి జూమ్ పెంచితే వరుసలు చాలావరకు తెరకు తగ్గట్టు సర్దుకుంటాయి. పట్టికలు చెదురుతాయన్నది నిజమే, ఆ లోపం సైటు కట్టినవాళ్లది: అక్షరాన్ని 200 శాతానికి పెంచినా సమాచారం చెడకూడదన్నది అంతర్జాతీయ వెబ్ ప్రమాణం. వాళ్లు దిద్దేలోగా, ఇంట్లో పెద్దవాళ్ల ఫోనులో ఆ ఒక్క సెట్టింగ్ మార్చి ఇవ్వండి.