ఆ ఫైలు పేరు మార్చకండి

పాత హార్డ్ డిస్కులు దులిపి, వాటిలో దొరికిన టీవీ రికార్డింగులకు "శుభ్రమైన" పేర్లు పెట్టి పంచుకుంటున్న మిత్రులారా, మీరు చేస్తున్నది సేవ కాదు. చుక్కలూ అంకెలూ ఏదో గుంపు పేరూ ఉన్న ఆ పొడుగాటి తోకని కత్తిరించి "ఓల్డ్ కామెడీ సీరియల్ పార్ట్ 3" అని పెట్టడమంటే, తాళపత్రం చివర లేఖకుడు రాసుకున్న మాటల్ని చాకుతో గోకెయ్యడమే.

బ్రౌన్ దొర రాతప్రతులు సేకరించాడని పొంగిపోతాం. ప్రతి ఎవరు రాశారు, ఏ ఊళ్లో, ఏ సంవత్సరం, ఏ తిథి అని పరిశోధకులు తగువులాడుకుంటే ముచ్చటగా చదువుతాం. అదే రకం సమాచారం పైరసీ ఫైలు పేరులో ఉంటే మాత్రం చెత్త!

మాది రావికమతం. నర్సీపట్నం నుంచి మొదట సీడీల్లో, ఆ తర్వాత పెన్‌డ్రైవుల్లో వచ్చిందే మాకు ఆర్కైవు. మా మావయ్య డిస్కులో ఇప్పటికీ "ఏవీసెక్01.డాట్" అనే పేరుతో ఫైళ్లు ఉన్నాయి, ఫోల్డరుకి ఒకటి. పేరు చూస్తే ఏ కార్యక్రమమో తెలీదు. కానీ అది వీసీడీ నుంచి నేరుగా దించిందని తెలుస్తుంది, ఎందుకంటే వీసీడీల్లో మొదటి వీడియో ట్రాక్ పేరు అదే. ఆ మొండి పేరు కూడా ఒక సాక్ష్యం.

తర్వాతి తరం పేర్లు ఇంకా వివరంగా మాట్లాడతాయి. "టీవీరిప్" అంటే చాలావరకు కేబుల్ తీగని కంప్యూటర్లోని ట్యూనర్ కార్డుకి తగిలించి పట్టింది. "డీఎస్ఆర్" అంటే శాటిలైట్ నుంచి పట్టింది. "డీవీడీరిప్" అంటే డిస్కుగా అమ్మినదాన్నుంచి తీసింది. సాహిత్యం చదివేవాళ్లకి ఈ తేడా పట్టాలి. డీవీడీలో ఉండేది నిర్మాత మళ్లీ సర్దుకున్న పాఠం. టీవీరిప్‌లో ఆ రాత్రి మనం చూసింది ఉంటుంది, ఎవరూ కత్తిరించకపోతే మధ్యలో సబ్బు ప్రకటనతో, కింద పరుగెత్తే స్క్రోలింగుతో సహా. "ఎక్స్‌విడ్" అని ఉంటే అది 2001లో డివ్‌ఎక్స్ కోడ్‌కి తలుపులు మూసేసినప్పుడు విడిపోయిన వాళ్లు చేసింది. ఇంగ్లీషులో పేరు తిప్పి చదవండి, కోపం కనిపిస్తుంది. 700 ఎంబీ అంటే సీడీకి ఒకటి. 350 అయితే రెండు, 175 అయితే నాలుగు ఎపిసోడ్లు.

అన్నిటికన్నా నన్ను ఆపేది తేదీ. డైలీ సీరియల్‌కి సీజన్లు ఉండవు కాబట్టి పద్ధతి తెలిసినవాళ్లు సంవత్సరం, నెల, రోజు అదే వరసలో పెట్టేవాళ్లు. మనవాళ్లు "03-04-2009" అని పెట్టారు. ఏప్రిల్ 3వ తేదీయా, మార్చి 4వ తేదీయా? ఒకటి శుక్రవారం, ఒకటి బుధవారం. రెండు రోజులూ సీరియల్ వచ్చేవే, క్యాలెండరు తేల్చదు. ఫ్రేములు లెక్కపెట్టాలి. మన దగ్గర టీవీ సెకనుకి 25 ఫ్రేములు, అమెరికాలో దాదాపు 30. ఫైలు 30 దగ్గర ఉంటే అది అక్కడి తెలుగు ఇంట్లో పట్టిందన్న అనుమానం బలపడుతుంది. అప్పుడు ముందున్న 03 నెల అయివుండాలి. ఆ తేదీని ఎవరో "నీటుగా" తీసేశాక ఈ తగువుకి కూడా చోటుండదు.

ఇంకో మాట: "ప్రోపర్". ముందొచ్చిన ఫైలులో తప్పుంది, ఇది సరిచేసిన ప్రతి అని దానర్థం. మన ప్రచురణకర్తల్లో ఎంతమంది రెండో ముద్రణ మీద ఆపాటి మాట వేస్తారు?

ఇదంతా దొంగతనమే కదా అంటారు. దొంగతనమే. రాసినవాళ్లకీ నటించినవాళ్లకీ రూపాయి రాలేదు, దాన్ని నేను వెనకేసుకురాను. కానీ దొరలు ఏం దాచారో కూడా అడగండి. పుస్తకం అచ్చేస్తే గ్రంథాలయాలకి ప్రతులు పంపాలని 1954 నుంచి మన దేశంలో చట్టముంది. టీవీకి అలాంటిది లేదు. ఫ్రాన్స్ 1992లోనే రేడియో, టీవీలకి ఆ చట్టం చేసుకుంది. ఈటీవీ, జెమినీ రెండూ 1995లో మొదలయ్యాయి. మన కాపీరైట్ చట్టం ప్రకారం ప్రసారం మీద చానల్ హక్కు పాతికేళ్లే. అంటే 1996 ప్రసారాల మీద ఆ హక్కు 2021 చివరితో తీరిపోయింది. స్క్రిప్టు హక్కు, పాటల హక్కు, చిత్రీకరణ హక్కు వేరే, అవి ఇంకా నడుస్తాయి. హక్కు తీరినవాటినైనా చూపించమంటే చూపించడానికి టేపు ఉండాలిగా!

'అమృతం' అదృష్టం వేరు, నిర్మాతలే యూట్యూబ్‌లో పెట్టారు. అలా అధికారికంగా పైకొచ్చే పాత కార్యక్రమాల్లో చాలావాటి శీర్షికల్లో "సూపర్ హిట్", "నవ్వులే నవ్వులు" ఉంటాయి, మొదట ఎప్పుడు ప్రసారమైందో ఉండదు. హక్కుదారు మర్చిపోయిన తేదీని దొంగ రాసిపెట్టాడు. దాన్ని కూడా మీరే చెరిపేస్తానంటే ఎలా?

అందమైన పేరు కావాలంటే కాపీకి పెట్టుకోండి. అసలు ఫైలుని ముట్టుకోకండి. పక్కన ".ఎన్ఎఫ్ఓ" అని చిన్న టెక్స్ట్ ఫైలు ఉంటుంది, మీరు వైరసేమో అని ముందు తీసేసేది అదే. నోట్‌ప్యాడ్‌లో తెరవండి. దేన్నుంచి పట్టారో, ఎప్పుడు పట్టారో, ఒక్కోసారి ఎక్కడ బొమ్మ చెడిందో కూడా అందులో ఉంటుంది. చదివాక డిలీట్ నొక్కండి, చూద్దాం.