జీతంల తరుగు: అడిగినోళ్లకే తిరిగొస్తది

మొన్న మండల కేంద్రంల జిరాక్స్ షాపు కాడ ఒక తమ్ముడు ఫోన్ తీసి నా చేతిల పెట్టిండు. బ్యాంకు మెసేజ్. 16,200 రూపాయలు పడ్డయి. "అన్నా, నెలకు 18 వేలని మాట్లాడుకున్నం. నెల నెల 1,800 కోస్తున్నరు. ఎందుకంటే ఇన్‌కం ట్యాక్స్ అంటున్నరు. నేను ట్యాక్స్ కట్టేంత పెద్దోన్ని ఎప్పుడైన అన్నా?" అని నవ్విండు. ఆ నవ్వుల కోపం ఉన్నది.

పట్నంల కొలువు దొరికిందని ఊర్లె అందరికి చెప్పుకున్న పిలగాండ్లు చాలామంది గిదే అడుగుతున్నరు. డిగ్రీ చదివి కంప్యూటర్ ముందల కూసున్న చెల్లె అడుగుతది, బైకు మీద పార్శిళ్లు మోసే తమ్ముడు అడుగుతడు. జవాబు తెలువక వాళ్ల పైసలు సర్కారు ఖజానల పడి ఉంటున్నయి. అందుకే ఈ వారం రాజకీయాలు పక్కన పెట్టి ఈ కోత ముచ్చట మాట్లాడుకుందాం. నిజానికి ఇది కూడ రాజకీయమే.

ముందుగాల ఆ తమ్ముని లెక్క చూద్దాం. నెలకు 18 వేలంటే ఏడాదికి 2,16,000. 2025-26 సంవత్సరానికి కొత్త పద్ధతిల 4 లక్షల దాక అసలు పన్నే లేదు. జీతం, పని మీద వచ్చే మామూలు ఆదాయం 12 లక్షలు దాటకుంటే, లెక్కల పన్ను వచ్చినా రిబేటు కింద పోతది. నెల జీతగాళ్లకు ఇంకో 75 వేలు తగ్గింపు ఉంటది కాబట్టి 12.75 లక్షల దాక సున్నా. పాత పద్ధతి తీసుకున్నా 2.5 లక్షల దాక పన్ను లేదు. ఎటు తిప్పి చూసినా ఆ తమ్ముడు కట్టాల్సింది ఒక్క రూపాయి లేదు. కాని ఏడాదికి కోసింది 21,600. పన్నెండు నెలలు చాకిరి చేసి పదకొండు నెలల జీతం కూడ సక్కగ తీసుకోలేదన్నట్టు.

ఈ కోత పేరు టీడీఎస్. పైసలిచ్చేటోడే ముందుగాల కొంత పట్టుకొని, మన పాన్ నంబరు మీద సర్కారుకు జమ చేస్తడు. వడ్లు అమ్మవోతే కొనుగోలు కేంద్రం కాడ తరుగు పేరు మీద కోస్తరు చూడు, చూసేటందుకు గట్లనే ఉంటది. ఒక్క తేడా ఉన్నది. తరుగుల పోయిన వడ్లు తిరిగిరావు. టీడీఎస్ పైసలు తిరిగొస్తయి. ఎందుకంటే అది పన్ను కాదు, పన్ను పడుతదేమోనని ముందుగాల పెట్టుకున్న డిపాజిట్. ఏడాది అయినంక లెక్క చెప్పుకుంటే, పన్ను ఎంతనో అంత ఉంచుకొని మిగిలింది మన ఖాతాల ఎయ్యాలె. లెక్క చెప్పుడు అంటే రిటర్న్ ఏసుడు. రిటర్న్ ఎయ్యనోనికి ఎవ్వరు పిలిచి ఇయ్యరు.

మరి 10 శాతమే ఎందుకు కోసిన్రు? ఇక్కడ్నే అసలు కథ ఉన్నది. నెల జీతగాడని రాసుకుంటే, ఏడాది మొత్తం జీతం అంచనా ఏసి, పన్ను పడేటట్టు ఉంటెనే కొయ్యాలె. 18 వేల జీతం మీద కోత సున్నా. కాని ఆ తమ్మునితోని సంతకం పెట్టించుకున్న కాయితంల "ఉద్యోగి" అని లేదు, "కన్సల్టెంట్" అని ఉన్నది. అట్ల రాస్తే చట్టం లెక్కల ఆయన డాక్టర్, వకీలు లెక్క వృత్తి నిపుణుడు. ఒక్క సంస్థ నుంచి ఏడాదికి 50 వేలు దాటితే 10 శాతం కోత. అదే కాంట్రాక్టు పని అని రాస్తే ఒంటి మనిషికి 1 శాతం. టెక్నికల్ సేవ అని రాస్తే 2 శాతం. పాన్ ఇయ్యకుంటే 20 శాతం. ఆధార్‌తోని లింకు చెయ్యక పాన్ పనిచేయకుండ పోయినా 20 శాతమే, ఆపైన రిఫండ్ కూడ ఆగుతది. పని ఒక్కటే, కుర్చీ ఒక్కటే. కాయితం మీద ఏ పేరు రాసిన్రో దాన్ని బట్టి కోత మారుతది.

ఆ పేరు ఎందుకు రాస్తరో కూడ అర్థం చేసుకోవాలె. ఉద్యోగి అంటే పీఎఫ్ వర్తించే సంస్థ తన వాటా 12 శాతం కట్టాలె. 21 వేల లోపు జీతమైతే ఈఎస్‌ఐకి 3.25 శాతం కట్టాలె. కన్సల్టెంట్ అని రాస్తే రెండు తప్పుతయి. పొద్దున తొమ్మిదింటికి హాజరు వేయించుకుంటరు, సెలవుకు పర్మిషన్ అడిగించుకుంటరు, పై సారు ఎట్ల చెప్తే అట్ల చేయించుకుంటరు. కాయితం మీద మాత్రం నువ్వు స్వతంత్ర నిపుణునివి! టీడీఎస్ కోత ఏడాదికైనా తిరిగొస్తది. పోయిన పీఎఫ్, లేని ఈఎస్‌ఐ కార్డు తిరిగిరావు. అందుకే కొలువుల చేరేటప్పుడు జీతం ఎంతని అడిగినట్టే "నన్ను ఏమని రాసుకుంటున్నరు?" అని కూడ అడగాలె.

చాలామంది అడిగే రెండో ప్రశ్న: "అన్నా, ఇల్లంత నేనే సాకుతున్న. నాయినకు పానం బాగుంటలేదు, అవ్వ కూలికి పోతలేదు, చెల్లె చదువుతున్నది. ఇంతమంది నా మీద ఆధారపడితే పన్నుల ఏమన్న ఇడుపు ఉంటదా?" సూటిగ చెప్పాలంటే, ఇంట్ల ఎంతమంది తినేటోళ్లున్నరనే లెక్క మన ఆదాయపు పన్నుల లేదు. పాత పద్ధతి ఎంచుకున్నోళ్లకు కొన్ని ఖర్చులకు తగ్గింపు ఉన్నది. ఇద్దరు పిల్లల దాక ట్యూషన్ ఫీజు లక్షన్నర పరిమితిల వస్తది. తల్లిదండ్రుల ఆరోగ్య బీమా ప్రీమియం వస్తది. మన మీద ఆధారపడ్డ దివ్యాంగులుంటే 75 వేలు, వైకల్యం తీవ్రంగ ఉంటే 1,25,000 తగ్గిస్తరు. కొత్త పద్ధతిల ఇవేవీ లేవు. మనం ఏమీ చెప్పకుంటే మన లెక్క కొత్త పద్ధతిలనే పడుతది.

ఎప్పుడూ గిట్లనే లేకుండె. 1955-56 బడ్జెట్‌ల ఆర్థిక మంత్రి సి.డి. దేశ్‌ముఖ్ పెండ్లయినోళ్లకు 2,000 రూపాయల దాక, పెండ్లి కానోళ్లకు 1,000 దాక అని పన్ను లేని హద్దు వేరువేరుగ పెట్టిండు. అంటే సంసారం బరువు పన్నుల లెక్కకు రావాలన్న ఆలోచన ఈ దేశానికి కొత్తది కాదు. ఇప్పుడు చూడుండ్రి. 15 లక్షల జీతగాళ్లు ఇద్దరున్నరనుకుందాం. ఒకాయన ఒక్కడే. ఇంకొకాయన సంపాదన మీద ఆరుగురు బతుకుతున్నరు. కొత్త పద్ధతిల ఇద్దరికీ పన్ను 97,500. ఊర్లకెళ్లి పోయి మొదటి తరంల కొలువు కొట్టినోడు అవ్వయ్యను, చెల్లె పెండ్లిని, పాత అప్పును అన్నిటిని మోస్తడు. ఆ మోత ఏ ఫారంల కనపడది.

అమెరికల ఉన్న మనోళ్లకు వేరే ఉంటదని కొందరంటరు. నిజమే, అక్కడ కొలువుల చేరంగనే డబ్ల్యూ-4 అని ఫారం నింపిస్తరు. పెండ్లయిందా, పిల్లలెందరు అని చూసి నెల నెల కోత అట్ల లెక్కేస్తరు. సోషల్ సెక్యూరిటీ నంబరున్న, 17 ఏండ్లు నిండని పిల్లకు 2025 సంవత్సరానికి 2,200 డాలర్ల దాక పన్ను తగ్గుతది. కాని ఇక్కడ ఊర్లె ఉండే అవ్వ అక్కడి పౌరురాలో, ఆ దేశ నివాసో కాకుంటే ఆధారపడ్డ మనిషిగ చూపెట్టుకునే వీలు అక్కడ కూడ లేదు. ఇక్కడి అవ్వ ఏ దేశం లెక్కలకూ ఎక్కదన్నట్టు.

ఇంకో భయం కూడ తీర్చాలె. "అవ్వ ఖాతాల పైసలు ఏస్తే ఆమెకు ట్యాక్స్ పడుతదా?" పడది. కొడుకు, బిడ్డ తల్లిదండ్రులకు ఇచ్చే పైసలు వాళ్లకు ఆదాయం కింద రావు. వ్యవసాయం మీద వచ్చే ఆదాయానికి కూడ కేంద్రం ఆదాయపు పన్ను లేదు. ఫోన్ల ఎవడో భయపెట్టిండని అవ్వకు పంపుడు ఆపకుండ్రి.

ఇప్పుడు పని ముచ్చట. పోయిన పైసలు తెచ్చుకునుడు ఎట్ల?

ఒకటి, ఇన్‌కం ట్యాక్స్ పోర్టల్‌ల పాన్‌తోని లాగిన్ అయ్యి 26ఏఎస్, ఏఐఎస్ చూడుండ్రి. మీ పేరు మీద ఎవరు ఎంత కోసి జమ చేసిన్రో అండ్ల ఉంటది. సంస్థ కోసి జమ చెయ్యకుంటే అండ్ల కనపడది. అప్పుడు ఫారం 16ఏ ఇయ్యుమని రాసి అడగాలె. కోసిన పైసలు మరుసటి నెల 7వ తారీఖు లోపల కట్టాలె, మార్చి నెలయి ఏప్రిల్ ఆఖరుకు. కోసి జేబుల ఏసుకునుడు నేరం.

రెండు, పాన్-ఆధార్ లింకు ఉన్నదా, మీ బ్యాంకు ఖాతా పోర్టల్‌ల వ్యాలిడేట్ అయిందా చూసుకోండ్రి. రిఫండ్ ఆ ఖాతాకే వస్తది.

మూడు, రిటర్న్ ఏసేటప్పుడు ఫారం చూసుకోవాలె. నెల జీతమే అయితే మామూలుగ ఐటీఆర్-1. కన్సల్టెంట్, కాంట్రాక్టు పైసలైతే ఐటీఆర్-4 గాని ఐటీఆర్-3 గాని. కన్సల్టెంట్ పైసలను జీతమని రాస్తే లెక్క కుదరక నోటీసు రావొచ్చు. ఏసినంక 30 రోజుల లోపల ఆధార్ ఓటీపీతోని వెరిఫై చెయ్యాలె. అది మరిచిపోతే ఎయ్యనట్టే లెక్క.

నాలుగు, గడువు. ఫారాన్ని బట్టి, సర్కారు పొడిగింపును బట్టి తారీఖు మారుతది, పోర్టల్‌ల చూసుకోండ్రి. గడువు దాటినా డిసెంబర్ 31 దాక ఆలస్యంగ ఏసుకోవచ్చు. అది కూడ దాటితే మామూలు దారి మూసుకుంటది. తర్వాత ఏసే అప్డేటెడ్ రిటర్న్‌తోని రిఫండ్ అడగనియ్యరు. ఆలస్యాన్ని మన్నించమని దరఖాస్తు పెట్టుకునుడు ఒక్కటే మిగులుతది. ఏడాదికి టీడీఎస్ 25 వేలు, ఆపైన ఉంటే ఆదాయం ఎంత తక్కువున్నా రిటర్న్ ఎయ్యాల్సిందే అని కూడ యాదిపెట్టుకోండ్రి.

2026 ఏప్రిల్ 1 నుంచి 1961 చట్టం పోయి 2025 ఆదాయపు పన్ను చట్టం అమలుకు వచ్చింది. సెక్షన్ల నంబర్లు మారినయి. 2025-26ల సంపాదించిన దానికి మాత్రం పాత చట్టం లెక్కనే.

ఒక హెచ్చరిక. "నీకు 40 వేల రిఫండ్ తెప్పిస్త, పది శాతం నాకియ్యి" అనే దళారులు తయారైన్రు. లేని బీమా, లేని విరాళం, లేని వైకల్యం రాసి రిఫండ్ తెస్తరు. 2025 జులైల ఆదాయపు పన్ను శాఖ ఇట్లాంటి తప్పుడు తగ్గింపుల మీద దేశమంతట సోదాలు చేసింది. పట్టుబడితే దళారి ఫోన్ స్విచాఫ్, నోటీసు మన పేరు మీద. తప్పుడు లెక్కతోని ఎగ్గొట్టిన పన్ను మీద 200 శాతం జరిమాన పడుతది. మనకు రావాల్సింది మన హక్కు. అబద్ధం అక్కరలేదు.

ఇగ సర్కారును అడగాల్సింది. బ్యాంకుల డిపాజిట్ ఉన్నోడు "నాకు పన్ను పడేంత ఆదాయం లేదు" అని ఒక్క కాయితం ఇస్తే, మిత్తి మీద కోత ఆగుతది. ఇన్నేండ్లు 15జీ, 15హెచ్ అన్నది దాన్నే. కాంట్రాక్టు పైసల మీద, కన్సల్టెంట్ పైసల మీద ఆ కాయితం చెల్లది. తక్కువ కోతకు సర్టిఫికెట్ కోసం అధికారికి దరఖాస్తు పెట్టుకునే దారి ఉన్నది గాని, 18 వేల జీతగాడు పని ఇడిచిపెట్టి దాని ఎంబడి తిరుగుతడా? అంటే పైసల మీద వచ్చే పైసలకు ఒక్క సంతకంతోని రక్షణ. చెమట మీద వచ్చే పైసలకు ఏడాది ఎదురుచూపు. ఈ తేడా ఎందుకో ఎంపీలను అడగాలె.

ఆ ఎదురుచూపుకు ధర కూడ ఉన్నది. రిఫండ్ మీద సర్కారు ఇచ్చే మిత్తి నెలకు అర శాతం, అంటే నూటికి అర్ధ రూపాయి. ఆ 1,800 తక్కువై ఊర్లె చేబదులు తెస్తే నూటికి రెండు రూపాయలు, మూడు రూపాయలు. కోసిందెవరో, మిత్తి కట్టేదెవరో మీరే చూడుండ్రి. ఎవరి సంపాదన ఎంతనో, ఎంత కోసిన్రో సర్కారు కంప్యూటర్ల ముందే ఉన్నది. హద్దు కింద ఉన్నోళ్ల పైసలు అడగకున్నా ఖాతాల ఎయ్యుడు చెయ్యలేని పని కాదు.

అది అయ్యేదాక మన పని మనం చేసుకోవాలె. ఆ తమ్మునికి నేను చెప్పింది గిదే. ఇంటికి పోయినంక పాన్ నంబరు కొట్టి 26ఏఎస్ తీసిండు. 21,600 అండ్లనే ఉన్నయి. రాత్రి ఫోన్ చేసి "అన్నా, నా పైసలు కనపడ్డయే" అన్నడు. మీయి కూడ ఉన్నయేమో, ఈ ఆదివారం ఒక్కసారి చూడుండ్రి. చూసినంక పక్కింటి చెల్లెకు కూడ చెప్పుండ్రి.