షట్టర్ దించినా అద్దె ఆగదు

2020 లాక్‌డౌన్‌లో ఢిల్లీ ఖాన్ మార్కెట్‌లోని ఓ చెప్పుల దుకాణం మూతపడింది. మూయించింది సర్కారు ఉత్తర్వు. మరి నెలకు 3.5 లక్షలు ఎందుకు కట్టాలంటూ అద్దెదారు హైకోర్టుకెక్కాడు. సబబుగానే తోస్తుంది కదూ! కోర్టు ఒప్పుకోలేదు.

అమలు అసాధ్యమైన ఒప్పందం చెల్లదంటుంది కాంట్రాక్టు చట్టం 56వ సెక్షన్. లీజు మాత్రం ఉత్త ఒప్పందం కాదు, ఆస్తిపై హక్కు చేతులు మారినట్టే. అందుకే ఈ సెక్షన్ దానికి వర్తించదని 1968లోనే సుప్రీంకోర్టు తేల్చింది. ఆస్తి బదిలీ చట్టం 108వ సెక్షన్ లీజు వదులుకోనిస్తుంది. అయితే వరదో, అగ్నిప్రమాదమో వచ్చి ఆస్తి శాశ్వతంగా పనికిరాకుండా పోవాలి. కొన్నాళ్ల మూత చాలదు. పైగా ఇక్కడ అద్దెదారు దుకాణం ఖాళీ చేస్తాననలేదు. అద్దె మినహాయింపు షరతు అగ్రిమెంటులో ఉంటే కథ వేరు. చివరికి అతనికి దక్కింది, బాకీ కట్టడానికి కాస్త గడువు.